సెలవు ఇచ్చారు, బదులు టీచరును ఇవ్వలేదు

ఒక టీచరు కడుపుతో ఉందని తెలిస్తే స్టాఫ్ రూమంతా సంబరపడుతుంది. ఎన్నో నెల, ఏ డాక్టరు, పుట్టింటికి ఎప్పుడు అని అడుగుతారు. మధ్యాహ్నం బాక్సులు విప్పినప్పుడు చింతకాయ పచ్చడి, ఉసిరికాయ ఊరగాయ ముందు ఆమె వైపే వస్తాయి. ఇవన్నీ అయ్యాక ఎవరో ఒకరు, ఎక్కువసార్లు హెచ్ఎం గారే, మెల్లగా ఇంకో మాట అడుగుతారు: "మరి మీ టెన్త్ క్లాసు సంగతేంటమ్మా?" అడిగినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. పబ్లిక్ పరీక్షలు మార్చిలో, ఆమెకు నెలలు నిండేది జనవరిలో, బడి మొత్తానికి లెక్కల టీచరు ఆమె ఒక్కతే. ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాల్సిందే. జవాబు చెప్పాల్సిన మనిషి మాత్రం ఆమె కాదు. అయినా అది ఆమెతో పాటు ఇంటికి వెళ్తుంది. నిద్ర పట్టక అటూ ఇటూ దొర్లే రాత్రుల్లో అదే తిరుగుతూ ఉంటుంది.

గర్భిణుల మనసు గురించి మన పత్రికల్లో, వీడియోల్లో వచ్చేదంతా దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. హార్మోన్లు మారతాయి కాబట్టి ఏడుపొస్తుంది, మంచి పాటలు వినండి, మంచి ఆలోచనలు చేయండి, బిడ్డ కోసం సంతోషంగా ఉండండి. హార్మోన్ల మాట నిజమే. కానీ ఇద్దరు పిల్లలను కన్న టీచరుగా, తోటి టీచర్లను దగ్గర్నుంచి చూసిన మనిషిగా నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. టీచరు మనసు కుంగడానికి కారణాల్లో పెద్ద వాటా బడి నడిచే తీరుది. ఆమెకు సెలవు ఇస్తాం. ఆమె పనికి బదులు మనిషిని ఇవ్వం. పిల్లలకు జరిగే నష్టానికి ఆమె కడుపే కారణం అన్నట్టు అందరం ప్రవర్తిస్తాం, చివరికి ఆమె కూడా అలాగే అనుకోవడం మొదలుపెడుతుంది. ఈ బరువు దించాల్సింది విద్యాశాఖ, యాజమాన్యాలు. పాటలు విన్నంత మాత్రాన దిగేది కాదు.

ముందు ప్రైవేటు స్కూళ్ళ సంగతి చెప్తాను. నా మొదటి కాన్పు నాటికి నేను ఒక చిన్న పట్నంలోని ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని. ప్రైవేటు టీచరుకు కడుపుతో ఉండటంలో మొదటి కష్టం వేవిళ్ళు కావు, సంగతి బయటపెట్టడం. చెప్పకపోతే మూడో అంతస్తులోని క్లాసుకు మెట్లెక్కడం తప్పదు, అసెంబ్లీలో ఎండలో నిలబడటం తప్పదు. చెబితే వచ్చే ఏడాదికి ఉంచుకుంటారో లేదో తెలియదు. అందుకని పీరియడ్ మధ్యలో వాంతి వస్తే "నిన్న బయట తిన్నాను" అని చెప్పాలి. కొంగు నిండుగా కప్పుకుని తిరగాలి. పక్క టీచరుకు అనుమానం వచ్చినా ఆమె పైకి చెప్పకుండా చూసుకోవాలి. మొదటి మూడు నెలలు మనిషికి ఎక్కువ తోడు కావలసిన రోజులు. ఆ రోజుల్లోనే మా వాళ్ళు చాలామంది ఈ రహస్యాన్ని ఒంటరిగా మోస్తారు.

నన్ను స్కూలు నడిపే కరస్పాండెంట్ గారు పిలిచి చాలా మర్యాదగానే మాట్లాడారు. "మీ ఆరోగ్యం ముఖ్యం మేడమ్. ఇప్పుడు రెస్టు తీసుకోండి. డెలివరీ అయ్యాక వేకెన్సీ ఉంటే తప్పకుండా పిలుస్తాం." రాజీనామా కాగితం అప్పటికే టైపు చేసి ఉంది. ఆ తర్వాత ఇంట్లో ఉన్న నెలల్లో జీతం పోయిందన్న బాధ కన్నా, నేను అక్కర్లేని మనిషినన్న భావం ఎక్కువ పీడించింది. బిడ్డ కదిలినప్పుడు అందరూ చెప్పే సంతోషం నాకు కలగలేదు. కలగనందుకు భయమేసింది. నాలో ఏదో లోపం ఉందనుకున్నాను. అమ్మకు సగం చెబితే దిష్టి తీసింది, ప్రేమతోనే తీసింది. మా ఆయన "ఇంట్లో హాయిగా ఉన్నావుగా, ఇంకేం" అన్నారు. డాక్టరమ్మ ప్రతి నెలా బరువు చూసింది, బీపీ చూసింది, రక్తం ఎంతుందో చూసింది, బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ రాసింది. ఎలా ఉంటున్నావమ్మా అని అడిగే వీలు ఆమెకు లేదు. బయట బెంచీల మీద ఊరంతా కూర్చుని ఉంది.

నాకు జరిగింది చట్టవిరుద్ధమని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం 12వ సెక్షన్ ప్రకారం గర్భం కారణంగా సెలవులో ఉన్న స్త్రీని ఉద్యోగంలోంచి తీసేయకూడదు. 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు జీతంతో కూడిన సెలవు 26 వారాలయింది. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. గర్భం వల్ల, కాన్పు వల్ల జబ్బు చేస్తే ఇంకో నెల సెలవుకు వీలుంది. మనసుకు వచ్చిన జబ్బు జబ్బు కాదని ఆ చట్టం ఎక్కడా అనలేదు. అదే చట్టం 4వ సెక్షన్‌లో ఒక మాట ఉంది, చదివినప్పుడల్లా నాకు టీచర్లే గుర్తొస్తారు: కాన్పుకు ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల, ఆ కాలంలో స్త్రీ అడిగితే ఆమెకు కష్టమైన పని గానీ, ఎక్కువ గంటలు నిలబడి చేసే పని గానీ చెప్పకూడదు. చట్టం రాసినవాళ్ళ మనసులో గనులు, ఫ్యాక్టరీలు, తేయాకు తోటలు ఉండి ఉంటాయి. గంటల తరబడి నిలబడటం అంటే నాకు కనిపించేది బ్లాక్‌బోర్డు. ఇప్పుడు ఈ చట్టం 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు నుంచి ఆ కోడ్ అమల్లోకి వచ్చింది. నిలబడే పని గురించిన ఆ మాట అందులోనూ ఉంది.

ప్రైవేటు స్కూలు ఈ చట్టం కిందికి వస్తుందా రాదా అన్న వాదన చాలాకాలం నడిచింది. కేరళ 2020లో ప్రభుత్వ సాయం తీసుకోని (అన్‌ఎయిడెడ్) ప్రైవేటు విద్యాసంస్థల సిబ్బందికి ఈ హక్కును స్పష్టంగా వర్తింపజేసింది. మన రెండు రాష్ట్రాల్లో వీధికో స్కూలు ఉంది, వాటిలో చెప్పేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. ఈ విషయం మీద ఇక్కడ అసెంబ్లీలో గట్టిగా చర్చ జరగాలని నా కోరిక.

యాజమాన్యాల వైపు ఒక మాట ఉంది, దాన్ని కొట్టిపారేయను. పన్నెండు మంది టీచర్లున్న చిన్న స్కూలు, అందులో ఇద్దరు ఒకే ఏడాది కడుపుతో ఉంటే, ఆరు నెలల జీతం ఇచ్చి, బదులు వచ్చినవాళ్ళకూ జీతం ఇవ్వడం దానికి నిజంగా కష్టమే. మొత్తం ఖర్చు యజమాని నెత్తిన పెట్టడం 2017 సవరణలోని లోపమని నేనూ అనుకుంటాను. పెళ్ళయిన కొత్త అమ్మాయిని ఇంటర్వ్యూలోనే వద్దనుకోవడానికి అదే కారణం అవుతోంది. కానీ దారి లేకపోలేదు. ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐలో నమోదైన ఉద్యోగినికి, నెల జీతం 21 వేలు దాటకుండా ఉండి, ముందటి రెండు చందా కాలాల్లో (ఒక్కోటి ఆరు నెలలు) 70 రోజుల చందా కట్టి ఉంటే, 26 వారాల వేతనం ఈఎస్ఐయే ఇస్తుంది. మా ప్రాంతంలో ప్రైవేటు టీచర్లలో 21 వేలు దాటినవాళ్ళు అరుదు. నెలనెలా చందా కట్టి ఉంటే యాజమాన్యానికి ఈ భారమే ఉండదు. కట్టకపోవడానికి కారణం చాలాచోట్ల ఒకటే, చందా కట్టాలంటే ఆ టీచరు అక్కడ పనిచేస్తోందని కాగితం మీద ఒప్పుకోవాలి.

అమెరికాలోనూ ఒకప్పుడు ఇలాంటి అన్యాయం ఉండేది. క్లీవ్‌లాండ్ స్కూలు బోర్డు నియమం ప్రకారం టీచరు కాన్పుకు అయిదు నెలల ముందే జీతం లేని సెలవు మీద వెళ్ళిపోవాలి, ఒంట్లో బాగున్నా సరే. 1974 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పనిచేయగలనన్న స్త్రీని పంపించేయడం, చేయలేనన్న స్త్రీని నిలబెట్టడం, రెండింటిలోనూ ఆమె మాటకు విలువ లేదు. నా కరస్పాండెంట్ గారు నన్ను అడగలేదు, నా తరఫున నిర్ణయించారు.

తర్వాత నాకు డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది, ప్రకాశం జిల్లా పడమటి వైపు పోస్టింగు. ప్రభుత్వ టీచర్లకు ఇక్కడ 2010 నుంచి 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది, తెలంగాణలోనూ అంతే. జీతం ఆగదు, ఉద్యోగం పోదు. ఈ హక్కు కోసం పోరాడిన సంఘాలకు, మా ముందు తరం టీచర్లకు నేను రుణపడి ఉన్నాను. ప్రైవేటులో ఉన్న చెల్లెళ్ళతో పోలిస్తే మాది ఎంతో మెరుగైన బతుకని ఒప్పుకోకుండా ముందుకు వెళ్ళలేను.

అయినా రెండో కాన్పుకు వెళ్ళే ముందు నేను నిద్రపోయిన రాత్రులు తక్కువ. నా స్థానంలో ఎవరూ రారని తెలుసు కాబట్టి. వర్క్ అడ్జస్ట్‌మెంట్ మీద పక్క బడి నుంచి ఒకరిని పంపుతామంటారు. ఆ పక్క బడిలో ఉండేదే ఒక్క సైన్సు టీచరు. తెలంగాణలో ఒకప్పుడు విద్యా వాలంటీర్లు ఉండేవారు, కోవిడ్ తర్వాత వాళ్ళను మళ్ళీ తీసుకోలేదు. హైస్కూల్లో అయితే మిగతా టీచర్లు తలా రెండు పీరియడ్లు పంచుకుంటారు, సోషల్ సార్ బయాలజీ క్లాసులో కూర్చుని నోట్సు రాయిస్తారు. ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల సంగతి ఊహించండి. ఒకామె సెలవు పెడితే రెండో ఆమెకు అయిదు తరగతులు, మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లు, అన్నీ మీద పడతాయి. తన సెలవు తన స్నేహితురాలికి శిక్ష అవుతుంది. ఈ పరిస్థితిలో సెలవు పెట్టేటప్పుడు మనిషి మనసు ఎలా ఉంటుంది? కాన్పు దాకా పనిచేసి, సెలవంతా బిడ్డ పుట్టాకే వాడుకోవాలని చాలామంది నొప్పులు వచ్చేదాకా బడికి వస్తారు. అందులో బిడ్డ మీద ప్రేమ ఉంది. బడి మీద ఉన్న అపరాధ భావం కూడా ఉంది.

దీనికి దూరం తోడవుతుంది. కొత్తగా ఉద్యోగం వచ్చిన అమ్మాయిలకు పోస్టింగు మారుమూల మండలంలో, భర్త ఇంకో జిల్లాలో. తెలంగాణలో 2021 డిసెంబరులో వచ్చిన 317 జీవోతో భార్య ఒక జిల్లాకు, భర్త ఇంకో జిల్లాకు కేటాయింపు జరిగి, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైన ఈ స్పౌజ్ కేసుల టీచర్లు రోడ్డెక్కారు. పసిపిల్లలను ఎత్తుకుని వచ్చారు, కడుపుతో ఉన్నవాళ్ళూ వచ్చారు. రోజూ రెండు బస్సులు, ఒక షేర్ ఆటో మారి వెళ్ళే అయిదో నెల గర్భిణికి ఆ గతుకుల్లో ప్రతి కుదుపూ ఒక ప్రశ్నే. గురుకులాల్లో పనిచేసే వాళ్ళకు పగటి క్లాసులతో పాటు రాత్రి స్టడీ అవర్లు, నైట్ డ్యూటీలు. కస్తూర్బా విద్యాలయాల్లో కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకు సెలవు తర్వాత రెన్యూవల్ గుబులు అదనం. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చినప్పుడు అందరూ సిగ్నల్ గురించి, సమయం గురించి మాట్లాడారు. పొద్దున లేవగానే గంటసేపు బాత్రూములోంచి బయటికి రాలేని మూడో నెల మనిషికి తొమ్మిదిలోపు హాజరు వేయడం ఎంత టెన్షనో ఎవరూ మాట్లాడలేదు.

క్లాసురూములోని భయాలు వేరు. బయటివాళ్ళకు ఇవి తట్టవు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే వరండాలో పిల్లలు పరుగెడతారు, ఆ పరుగులో ఎవరైనా పొట్టకు తగులుతారేమోనని గోడ వైపు నడుస్తాం. ఒక పిల్లాడికి ఒంటి మీద పొక్కులు కనిపిస్తే, ఆటలమ్మేమోనని గుండె ఝల్లుమంటుంది. చిన్నప్పుడు ఆటలమ్మ రాని గర్భిణికి అది సోకితే తల్లికీ ప్రమాదం, కొన్ని నెలల్లో అయితే బిడ్డకూ ప్రమాదం. రుబెల్లా సోకితే, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఇంకా ప్రమాదం. కానీ ఆ పిల్లాడు జ్వరంతో మన ఒళ్ళో వాలిపోతే దూరంగా నెట్టగలమా? నెట్టలేం, ఆ రాత్రి నిద్రపోలేం. మరుగుదొడ్డి సరిగా లేని బడిలో టీచర్లు నీళ్ళు తాగడం తగ్గిస్తారు. గర్భిణి నీళ్ళు తగ్గించి, మూత్రం ఆపుకుంటే ఇన్ఫెక్షన్ వస్తుంది, జ్వరం వస్తుంది, ఆ జ్వరం బిడ్డకు ఏం చేస్తుందోనని ఇంకో భయం. మా పడమటి మండలాల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ గొడవ కూడా ఉంది. ఇంటి నుంచి రెండు బాటిళ్ళు మోసుకెళ్ళడం, ఒకటి అయిపోయాక రెండోది దాచుకుని తాగడం. ఇలాంటి చిన్న చిన్న లెక్కలతో రోజంతా నడుస్తుంది బుర్ర. వీటి మధ్యే కిరణజన్య సంయోగక్రియ చెప్పాలి, అదీ నవ్వుతూ.

ఇవన్నీ మామూలు చింతలు. కొందరిలో ఇవి మామూలు హద్దు దాటి జబ్బు అవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ప్రపంచం మొత్తం మీద గర్భిణుల్లో దాదాపు 10 శాతం మందికి, కొత్తగా కన్నవాళ్ళలో 13 శాతం మందికి మానసిక సమస్య ఉంటుంది, అందులో ఎక్కువ డిప్రెషనే. మనలాంటి వర్ధమాన దేశాల్లో ఆ సంఖ్యలు 15.6, 19.8 శాతం. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసి 2017లో వేసిన ఒక లెక్క ప్రకారం కాన్పు తర్వాత డిప్రెషన్ 22 శాతం మందిలో ఉంది. అంటే కన్నవాళ్ళలో అయిదుగురికి ఒకరు. గర్భం మోస్తున్నప్పుడే డిప్రెషన్ ఉన్నవాళ్ళకు కాన్పయ్యాక వచ్చే అవకాశం బాగా ఎక్కువ. అందుకే కడుపుతో ఉన్నప్పుడే కనిపెట్టాలి. అక్కడే చిక్కు. నీరసం, నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం, డిప్రెషన్‌కూ గుర్తులే, గర్భానికీ గుర్తులే. "ఈ టైములో అంతేనమ్మా" అనేస్తారు. తేడా వేరేచోట తెలుస్తుంది. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులు, ఇష్టమైన పనుల మీదా ఆసక్తి పోవడం, నేను పనికిరాని తల్లినన్న ఆలోచన, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన. చివరిది ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పాలి.

దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఎడిన్‌బరో స్కేల్ అని 1987 నుంచి వాడుకలో ఉంది, గత ఏడు రోజుల్లో ఎలా ఉన్నావో అడిగే పది ప్రశ్నలు. బీపీ చూడటం లాగే నర్సు కూడా చేయగల పని. ప్రతి నెలా 9న గర్భిణుల పరీక్షల కోసం ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ రోజు ఉండనే ఉంది. ఆ వరుసలో ఈ పది ప్రశ్నలు ఎందుకు ఉండకూడదు? చికిత్సకు సైకియాట్రిస్టులు లేరని అంటారు, నిజమే, మండలాల్లో లేరు. పాకిస్తాన్‌లో రావల్పిండి దగ్గరి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల వంటి ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్న గర్భిణుల ఇళ్ళకు పంపి మాట్లాడించారు. 2008లో ఆ ఫలితాలు వచ్చాయి. బిడ్డ పుట్టిన ఆరు నెలలకు, శిక్షణ పొందిన వాళ్ళు మాట్లాడిన తల్లుల్లో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది, మామూలు సందర్శనలు మాత్రమే అందిన తల్లుల్లో 53 శాతం మందికి మిగిలింది. మనకన్నా డబ్బున్న దేశమేమీ కాదది.

ముదిరిన కేసులకు మందులు అవసరం కావచ్చు. గర్భంలోనూ డాక్టరు పర్యవేక్షణలో వాడదగ్గవి ఉన్నాయి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు కడుపుతో ఉన్నామని భయపడి తమంతట తాము ఆపేయకూడదు, అది ఎక్కువ ప్రమాదం. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి చేర్చుకునే ప్రత్యేక వార్డు ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదని చెబుతోంది. డాక్టరుకు చెబితే బిడ్డను లాక్కుంటారన్న భయంతో నోరు విప్పని తల్లులను చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను. మాట్లాడటానికి వెంటనే మనిషి కావాలంటే టెలి మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

టీచర్లు చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. మేం ధైర్యం చెప్పేవాళ్ళం. పరీక్ష తప్పిన పిల్లకు, ఇంట్లో తాగుబోతు తండ్రి ఉన్న పిల్లాడికి మేమే దిక్కు. ఊళ్ళో అందరూ గుర్తుపడతారు. మానసిక వైద్యుడి దగ్గర కూర్చున్న టీచరమ్మను చూశామని ఒక్క తల్లి చెబితే చాలు, "ఆమె దగ్గర మా పిల్లల్ని ఎలా ఉంచుతాం" అన్న మాట రెండో రోజుకు బడికి చేరుతుంది. అందుకే మా వాళ్ళు థైరాయిడ్ అని చెప్పి సెలవు పెడతారు. థైరాయిడ్ గౌరవమైన జబ్బు.

బిడ్డ నిలవనివాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. గర్భస్రావం అయితే ఆరు వారాల సెలవుకు చట్టంలో హక్కు ఉంది. పుట్టగానే బిడ్డ చనిపోయినా, మృతశిశువు పుట్టినా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 60 రోజుల ప్రత్యేక సెలవును 2022 సెప్టెంబరులో ఇచ్చారు. సెలవు అయ్యాక ఆమె తిరిగి వచ్చేది పిల్లల మధ్యకే. మిగతా ఉద్యోగాలకూ దీనికీ ఉన్న తేడా అది. మా బళ్ళో ఒక టీచరు అలా తిరిగి వచ్చిన రోజు ఆరో తరగతి పిల్ల ఎదురెళ్ళి "టీచర్, పాపా బాబా?" అని అడిగింది. పిల్ల తప్పు ఏముంది, ఎవరూ చెప్పలేదు. ముందురోజే క్లాసుకు వెళ్ళి "టీచరు బాధలో ఉన్నారు, ఏమీ అడగొద్దు" అని చెప్పడానికి ఒక్క మనిషి, అయిదు నిమిషాలు చాలు. ఆ తర్వాత నుంచి మా బళ్ళో అది ఒక పద్ధతిగా పెట్టుకున్నాం.

"మా అమ్మమ్మ నాట్లు వేస్తూ వేస్తూ ఇంటికెళ్ళి కన్నది, మీకేం, సెలవుల ఉద్యోగం" అనేవాళ్ళున్నారు. ఆ అమ్మమ్మ ఎంతమంది బిడ్డలను పోగొట్టుకుందో, కాన్పు తర్వాత ఎన్ని నెలలు ఎవరితోనూ మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకుందో ఎవరూ రాసి పెట్టలేదు. దయ్యం పట్టిందన్నారు, గాలి సోకిందన్నారు, వేపమండలు వేశారు. ఆమె ఓర్చుకుంది కాబట్టి మనవరాలూ ఓర్చుకోవాలనడం నేను ఒప్పుకోను.

ఓర్పు మీద వదిలేస్తే ఏమవుతుందో 2021 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్ చూపించింది. కోవిడ్ రెండో అల మధ్యలో పంచాయతీ ఎన్నికల డ్యూటీలకు టీచర్లను పంపారు. ఆ డ్యూటీల వల్ల 1,621 మంది టీచర్లు, సిబ్బంది చనిపోయారని అక్కడి ప్రాథమిక ఉపాధ్యాయుల సంఘం పేర్లతో జాబితా ఇచ్చింది. ప్రభుత్వం ఆ సంఖ్యను ఒప్పుకోలేదు. చనిపోయినవాళ్ళలో జౌన్‌పుర్ జిల్లాలో ఎనిమిది నెలల గర్భిణి ఒకామె ఉంది. మినహాయింపు కోసం తిరిగినా దొరకలేదని ఆమె ఇంటివాళ్ళు చెప్పారు. డ్యూటీ వేసే చోట ఎదుటి మనిషి పొట్ట కనిపించకుండా పేరు, ఎంప్లాయీ నంబరు మాత్రమే కనిపిస్తే జరిగేది అది.

హక్కు కాగితం మీద ఉన్నా అడిగి, తిరిగి, కోర్టుకెక్కి తెచ్చుకోవాలంటే ఆ తిరగడమే మనిషిని తినేస్తుంది. తమిళనాడులో ఒక ప్రభుత్వ స్కూలు ఇంగ్లీషు టీచరు రెండో పెళ్ళి తర్వాత కడుపుతో ఉండి సెలవు అడిగితే, మొదటి పెళ్ళి పిల్లలను లెక్కేసి మూడో కాన్పు కాబట్టి లేదన్నారు. హైకోర్టులో ఒకసారి గెలిచి, అప్పీలులో ఓడి, చివరికి 2025 మేలో సుప్రీంకోర్టులో గెలిచింది. ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కుల్లో భాగమని, రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. గొప్ప తీర్పు, మనందరికీ పనికొస్తుంది. ఆ తీర్పు వచ్చేసరికి ఆ బిడ్డకు మూడేళ్ళు దాటాయి.

దేశంలో టీచర్ల సంఖ్య 2024-25లో కోటి దాటింది, వాళ్ళలో 54 శాతం ఆడవాళ్ళు. వీళ్ళలో ప్రతి ఏడాదీ కొంతమంది కడుపుతో ఉంటారన్నది వానాకాలం వస్తుందన్నంత ఖాయం. కాబట్టి ప్రతి జిల్లాలో కొంతమంది టీచర్లను ప్రసూతి ఖాళీల కోసమే విడిగా నియమించి ఉంచాలి. సెలవు మంజూరు కాగితం మీదే బదులు వచ్చే టీచరు పేరు ఉండాలి. పేరు లేకపోతే ఆ మంజూరు సగమే అయినట్టు లెక్క. నా డిమాండ్లలో మొదటిది ఇదే, మిగతావి ఖర్చు లేనివి: ఆరో నెల నుంచి కింది అంతస్తు క్లాసులు, క్లాసులో టీచరుకు ఒక కుర్చీ, కూర్చుని చెబితే ఇన్‌స్పెక్షన్‌లో తప్పు పట్టకపోవడం, హాజరు యాప్‌లో గర్భిణులకు సడలింపు, చెకప్ రోజున పర్మిషన్ కోసం బతిమాలుకోవాల్సిన పని లేకపోవడం. మా హెచ్ఎం మేడమ్ వీటిలో నాలుగు ఎవరినీ అడగకుండానే అమలు చేశారు. బడికి ఏ నష్టమూ రాలేదు.

ఇది చదువుతున్న టీచర్లలో ఇప్పుడు నెలలు మోస్తున్నవాళ్ళు ఉంటే, అడగడానికి మొహమాటపడుతుంటే, మా తోటి టీచరు కోసం మేం రాసిన దరఖాస్తు ఇక్కడ పెడుతున్నాను. కాపీ చేసుకోండి. ప్రభుత్వ టీచర్లకు సర్వీసు రూల్సు వేరే ఉన్నా ఈ మాటలు రాసి అడగడానికి అడ్డేమీ లేదు.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి. నాకు ఫలానా తేదీన కాన్పు కావచ్చని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేశాను. ఆ తేదీకి ముందు పది వారాల నుంచి ఎక్కువసేపు నిలబడి చేసే పని, మెట్లెక్కే తరగతులు, బడి బయటి డ్యూటీలు నాకు అప్పగించవద్దని కోరుతున్నాను. నా సెలవు కాలంలో నా తరగతులకు బదులు ఉపాధ్యాయుని ఏర్పాటు కోసం ఈ దరఖాస్తు ప్రతిని మండల విద్యాశాఖాధికారి గారికి పంపవలసిందిగా మనవి."

ప్రైవేటు స్కూలు అయితే చివరి వాక్యం తీసేసి, చట్టం పేరు (ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్), సెలవు వారాల సంఖ్య రాయండి. మూడు కాపీలు తీయండి. ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి.